మాస్కు లేదని పాపను వరండాలో కూర్చోబెట్టారు.. బడి మీద కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ. పాప ఇక్కడి ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతోంది, ఎనిమిదేళ్లు. బడిలో జలుబు, జ్వరాలు ఎక్కువయ్యాయని మేనేజ్‌మెంట్ వాళ్లు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. సోమవారం నుంచి మాస్కు లేకపోతే క్లాసులోకి రానివ్వరట, పైగా రోజుకు 50 రూపాయలు ఫైనట. మాస్కు కూడా బడిలోనే 40 రూపాయలకు కొనాలి. మా పాపకు పిల్లికూతలు వస్తాయి, మాస్కు పెడితే ఆయాసపడుతుంది. రెండు రోజులు వరుసగా క్లాసు బయట వరండాలో కూర్చోబెట్టారు. అడిగితే టీచరమ్మ ‘మిగతా పిల్లల సంగతేంది సార్’ అంటోంది. గ్రూపులో కొందరు తల్లిదండ్రులు మమ్మల్నే తప్పుపడుతున్నారు. పోలీసు కేసు పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయాలి? – ఒక తండ్రి

జవాబు: పిల్లలకు మాస్కు పెట్టి పంపమని బడి అడగొచ్చు. పెట్టుకోలేదని మూడో తరగతి పిల్లను పాఠానికి దూరం చేసే అధికారం మాత్రం దానికి లేదు, ఫైను వేసే అధికారం అంతకన్నా లేదు. ఈ తేడా పట్టుకొనే మాట్లాడండి. ‘అసలు మాస్కే వద్దు’ అని మొదలుపెడితే ఎంఈఓ (మండల విద్యాధికారి) ముందు మొండివాళ్లుగా కనబడేది మీరే. అప్పుడు వరండా సంగతి పక్కకు పోతుంది.

ముందుగా బడివాళ్లను ఒక్క మాట అడగండి: ‘ఈ రూలు ఎవరి ఆదేశం మీద పెట్టారు? జీవో నంబరుందా, కలెక్టర్ ప్రొసీడింగ్స్ ఉన్నాయా?’ కరోనా రోజుల్లో మాస్కు రూలు వెనుక 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 విపత్తు నిర్వహణ చట్టం ఉన్నాయి. 2021లో మన తెలంగాణలో మాస్కు లేనివాళ్లకు వెయ్యి రూపాయల జరిమానా వేశారంటే దాని వెనుక సర్కారు జీవో ఉంది. విపత్తు చట్టం కింద కేంద్రం ఇచ్చిన ఆదేశాల గడువు 2022 మార్చి 31తో తీరిపోయింది. తర్వాత మాస్కు సలహాగానే మిగిలింది. మళ్లీ అంటువ్యాధి వస్తే సర్కారు కొత్త ఆదేశం ఇవ్వొచ్చు. అలాంటిది అమల్లో ఉంటే బడి దాన్ని పాటించాల్సిందే, మీరూ పాటించాల్సిందే. అధికారి ఆదేశాన్ని ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223 సెక్షన్ ఉంది (పాత ఐపీసీ 188). ఆదేశమేదీ లేకపోతే మీ చేతిలో ఉన్న మెసేజ్ బడి సొంత క్రమశిక్షణ నియమం మాత్రమే. నియమంగా దానికి కొంత విలువ ఉంటుంది, కానీ అది చట్టం కాదు.

పిల్లల వయసు సంగతికొస్తే, 2022 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ సవరించిన మార్గదర్శకాల్లో అయిదేళ్లు, అంతకు లోపు పిల్లలకు మాస్కు అవసరం లేదన్నారు. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లు సరిగ్గా వాడగలిగితే, పెద్దల పర్యవేక్షణలో పెట్టుకోవచ్చన్నారు. పన్నెండు దాటితే పెద్దల మాదిరే. అవి కొవిడ్ కోసం రాసినవి, నేటి జలుబుకు వాటినే శాసనంగా పట్టుకోలేం. అయినా ఎనిమిదేళ్ల పిల్ల ‘పెట్టుకోవచ్చు’ అన్న వరుసలోకే వస్తుందని చూపడానికి పనికొస్తాయి. బడిలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకూ ఇదే రూలు పెట్టి ఉంటే ఆ మాట దరఖాస్తులో రాయండి, గట్టి పాయింటు.

టీకా కేసులో సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన జేకబ్ పులియెల్ తీర్పును చూపించి ‘మాస్కు కూడా బలవంతం చేయకూడదు’ అనేవాళ్లు ఉన్నారు. ఆ తీర్పు ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. ఒళ్లు మన సొంతం, ఆంక్ష పెడితే అవసరానికి తగినంతే ఉండాలంది. మీకు పనికొచ్చేది ఆ ‘తగినంత’ అన్న సూత్రం. మాస్కులన్నీ చెల్లవని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

మీ అసలు బలం విద్యాహక్కు చట్టం, 2009లో ఉంది. 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. అందరూ లోపల కూర్చొని పాఠం వింటుంటే ఒక్క పిల్లను రెండు రోజులు వరండాలో ఉంచడం ఆ మాట కిందికే వస్తుందని వాదించవచ్చు. 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయకూడదంటుంది. ‘రేపటి నుంచి పంపకండి’ అని నోటిమాటగా చెప్పినా అది తీసేయడంతో సమానమేనని దరఖాస్తులో పెట్టండి. ఇవి ప్రైవేటు బడులకూ వర్తిస్తాయి. ఒక్క మినహాయింపు ఉంది: 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రమతి తీర్పు ప్రకారం మైనారిటీ హోదా ఉన్న బడులకు ఈ చట్టం వర్తించదు. మీ బడికి ఆ హోదా ఉందా అన్నది ఎంఈఓ ఆఫీసులో ముందే కనుక్కోండి. ఉంటే 16, 17 సెక్షన్లు రాసి ప్రయోజనం లేదు. బడికి సర్కారు ఇచ్చే గుర్తింపు నియమాల మీద, పిల్లల రక్షణకున్న బాల న్యాయ చట్టం మీద నిలబడాలి.

50 రూపాయల ఫైను గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. జరిమానా వేసే అధికారం చట్టమే ఇవ్వాలి, ప్రైవేటు మేనేజ్‌మెంటుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఇప్పటికే కట్టి ఉంటే రశీదు అడగండి. రశీదు ఇవ్వకపోతే ఏ తేదీన ఎవరి చేతికి ఇచ్చారో రాసి పెట్టుకోండి. మాస్కు వాళ్ల దగ్గరే కొనాలన్న షరతుకూ ఆధారం లేదు, మీ ఇంటి మాస్కును కాదనలేరు.

ఇక పిల్లికూతలు. ఇక్కడే చాలామంది కేసు చేజారుతుంది. నోటితో ఎంత చెప్పినా బడి నమ్మనక్కర్లేదు, కాగితం కావాలి. పైగా ఆస్తమా ఉన్న ప్రతి పిల్లా మాస్కు పెట్టుకోలేదని కాదు, అదుపులో ఉంటే చాలామంది పెట్టుకోగలరు. దేవరకొండ ఏరియా ఆసుపత్రిలోనో, నల్గొండ జనరల్ ఆసుపత్రి పిల్లల విభాగంలోనో, మీరు చూపించుకునే పిల్లల డాక్టరు దగ్గరనో సర్టిఫికెట్ తీసుకోండి. ‘ఆస్తమా ఉంది’ అని ఒక్క లైను రాస్తే సరిపోదు. మాస్కు ఎందుకు కష్టమవుతుంది, ఎప్పుడెప్పుడు తీసేయాలి (ఆటల పీరియడ్‌లో, ఆయాసం మొదలైనప్పుడు), ఎంతకాలం, బదులుగా ఏం చేయొచ్చు అన్నవి ఉండాలి. తేదీ, సంతకం, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. ‘కిటికీ పక్క సీటు, ఇన్‌హేలర్ బ్యాగులో ఉండనివ్వాలి’ అని డాక్టరుతోనే రాయించుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. జ్వరం, దగ్గు ఉన్న రోజు పాపను పంపనని మీరూ రాసివ్వండి. ఆ ఒక్క వాక్యంతో ‘మిగతా పిల్లల సంగతేంది’ అన్న టీచరమ్మ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నిజానికి ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ క్లాసులో కీమో చేయించుకుంటున్న బిడ్డో, కిడ్నీ మార్పిడి అయిన బిడ్డో ఉంటే ఆ తల్లిదండ్రులు అందరినీ మాస్కు అడగడంలో తప్పు లేదు. ఇంకోవైపు, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే చెవిటి పిల్ల ఉంటే టీచరు పారదర్శక మాస్కు వాడాలనో, దూరంగా నిలబడి మాస్కు తీసి చెప్పాలనో అడిగే హక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉంది. మీ పాప దరఖాస్తుకూ ఇదే దారి: రూలు పూర్తిగా ఎత్తేయమనకండి, మా బిడ్డకు ఈ మేరకు సడలించండి అని అడగండి.

దరఖాస్తు హెచ్‌ఎం పేరున, ఒక పేజీ మించకుండా రాయండి. ఈ ధోరణి చాలు:

‘మా కూతురు ఫలానా, మూడో తరగతి, ఫలానా సెక్షన్. ఫలానా, ఫలానా తేదీల్లో మాస్కు లేదన్న కారణంతో పీరియడ్లు జరుగుతుండగా క్లాసు బయట కూర్చోబెట్టారు. డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. దాని ప్రకారం మాస్కు నుంచి సడలింపు ఇచ్చి, రేపటి నుంచి క్లాసులో కూర్చోనివ్వగలరు. ఆ రెండు రోజులు హాజరు వేయగలరు. మాస్కు తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం నుంచి గానీ కలెక్టర్ గారి నుంచి గానీ ఆదేశం ఉంటే ప్రతి ఇవ్వగలరు. ఆ తేదీల సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచగలరు.’

ఫుటేజీ మాట మర్చిపోవద్దు. చాలా బడుల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది రికార్డవుతుంది. హాజరు మాట కూడా అవసరమే. బడికి వచ్చిన పిల్లకు గైర్హాజరు వేసి ఉంటే, ‘ఆ రోజు రానేలేదు’ అన్న వాదన తర్వాత బయటికొస్తుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ‘ముట్టినది’ అని సంతకం, ముద్ర వేయించుకోండి. వేయకపోతే పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకోండి. వాట్సాప్‌లో పంపి నీలి టిక్కులు పడ్డాయని సంతృప్తి పడకండి. గ్రూపు నుంచి కోపంతో బయటికి రావద్దు, మెసేజ్‌లు చెరపొద్దు. కోర్టుదాకా పోతే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో వాటిని దాఖలు చేయాల్సి ఉంటుంది, ఆ మెసేజ్‌లున్న ఫోను మీ దగ్గరే ఉండాలి.

వారంలో కదలిక లేకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు. చట్టం ‘స్థానిక సంస్థ’ అంటుంది, మీకైతే దేవరకొండ మున్సిపాలిటీ. కానీ ఫైలు నిజంగా కదిలేది విద్యాశాఖలోనే. అందుకని మున్సిపల్ కమిషనర్, ఎంఈఓ, నల్గొండ డీఈఓ (జిల్లా విద్యాధికారి) ముగ్గురికీ ఒకే ఫిర్యాదు పంపి, పైన ముగ్గురి పేర్లూ రాయండి. ఇరుపక్షాలనూ విని మూడు నెలల్లోగా తేల్చాలి. తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు, తేలినా నచ్చకపోతే అక్కడికే అప్పీలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయినా అర్జీ చివరికి డీఈఓ టేబుల్ మీదికే వస్తుంది, అయితే కలెక్టరేట్ నుంచి వచ్చిన కాగితానికి జవాబు త్వరగా రాస్తారు. అర్జీ నంబరు తీసుకోకుండా రావద్దు. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే డీఈఓ ఆఫీసులో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నా ఫిర్యాదు మీద ఎవరు విచారణ చేశారు, రిపోర్టు ప్రతి, బడుల్లో మాస్కు తప్పనిసరి చేస్తూ వచ్చిన ఆదేశాల ప్రతులు: ఈ మూడే అడగండి. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే అది సమాచారం కాదంటూ తిప్పి పంపుతారు.

మీ తమ్ముడు చెప్పిన పోలీసు కేసు ఇప్పుడే వద్దు. ఠాణాకు పోయేవాళ్లు సాధారణంగా బాల న్యాయ చట్టం 82వ సెక్షన్ రాసుకొని పోతారు. అది బాలల సంరక్షణ గృహాల్లో దండన గురించి, బడికి పట్టదు. పట్టే అవకాశమున్నది 75, అంటే పిల్లల పట్ల క్రూరత్వం. పిల్లల బాధ్యత ఉన్న సంస్థ సిబ్బంది చేస్తే అయిదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. కానీ అనవసరమైన మానసిక, శారీరక బాధ కలిగించారని రుజువు కావాలి. నీడలో, నీళ్ల బాటిల్ దగ్గరుండగా వరండాలో కూర్చోబెట్టారంటే అది నిలబడటం కష్టం. ఎండలో నిలబెట్టినా, ఆయాసం వస్తుంటే పట్టించుకోకపోయినా, కొట్టినా లెక్క వేరు. అప్పుడు అదే రోజు ఆసుపత్రి రికార్డుతో వెళ్లండి. ఇంకో మెలిక ఉంది: 2021 సవరణ తర్వాత మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న బాల న్యాయ చట్టం నేరాలు నాన్ కాగ్నిజబుల్ (పోలీసులు తమంత తాము కేసు కట్టలేనివి) అయ్యాయి. 75 ఒక్కటే రాసుకొని పోతే ఎస్సై ‘మేజిస్ట్రేట్ పర్మిషన్ కావాలి’ అంటాడు, ఈసారికి ఆయన మాట నిజమే. ఏ సమయంలోనైనా పిల్ల సాయానికి హెల్ప్‌లైన్ 1098 ఉంది.

బడికి పోయి టీచరమ్మ మీద అరవడం, చేయి చేసుకోవడం జరిగితే కేసు తిరిగి మీ మీదికే వస్తుంది. సర్కారు బడి అయితే విధుల్లో ఉన్న ఉద్యోగి మీద దాడికి రెండేళ్ల దాకా శిక్ష ఉన్న న్యాయ సంహిత సెక్షన్ 132 పెడతారు. ప్రైవేటు టీచరు ప్రభుత్వ ఉద్యోగి కాదు గాని బెదిరింపు, గాయం సెక్షన్లు ఆమెకూ ఉన్నాయి. పాప వరండాలో కూర్చున్న వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం కూడా వద్దు. రేపు 75 కింద కేసు అయితే బాధిత బిడ్డ పేరు, ఫొటో, బడి పేరు సహా గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. గ్రూపులో మిమ్మల్ని తిట్టేవాళ్లకు జవాబులు రాస్తూ కూర్చోకండి, డాక్టరు సర్టిఫికెట్ కూడా అందులో పెట్టకండి. అది హెచ్‌ఎం ఫైలులో ఉంటే చాలు.

వినియోగదారుల కమిషన్‌కు పొమ్మని ఎవరైనా చెబితే డబ్బు దండగ. చదువు చెప్పడం ఆ చట్టం కింద ‘సేవ’ కాదని 2012లో పి.టి. కోషి కేసులో సుప్రీంకోర్టు అంది. హైకోర్టు రిట్ ఆఖరి మెట్టు. అప్పుడు కూడా బడినే సూటిగా కొట్టేబదులు, ఫిర్యాదును గడువులో తేల్చేలా డీఈఓను ఆదేశించమని అడిగితే తొందరగా ఫలితం వస్తుంది, బడిని ప్రతివాదిగా చేర్చితే చాలు. వకీలు ఫీజు భారమైతే న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. పాప పేరున దేవరకొండ కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీలో గానీ, నల్గొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ దరఖాస్తు పెట్టుకోండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

ఈలోపు బడే మార్చాలనుకుంటే, టీసీ ఆపి ఏడిపిస్తారన్న భయం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం సర్కారు బడికి మారుతుంటే టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు.