కనురెప్పలు వాలితే ఛాతీ స్కాన్ ఎందుకు?

సాయంత్రానికి మీ అమ్మగారి కనురెప్పలు వాలిపోతున్నాయని, వైద్యులు మయస్తీనియా గ్రావిస్ అన్నారని రాశారు. రోగనిరోధక శక్తి తగ్గిందా, కంటి సమస్యకు ఛాతీ స్కాన్ ఎందుకు అని మీ సందేహం.

తగ్గలేదండీ, దారి తప్పింది. నరం చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలను తాకితేనే కండరం కదులుతుంది. ఈ జబ్బులో సొంత యాంటీబాడీలే ఆ గ్రాహకాల మీద పడతాయి. కొన్నిటిని మూసేస్తాయి, కొన్నిటిని కణంలోకి లాగి నాశనం చేయిస్తాయి. పెద్ద నష్టం మాత్రం కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రోటీన్ల వల్ల. అవి కండరం పొరనే దెబ్బతీస్తాయి. మిగిలిన కాసిని గ్రాహకాలతో పొద్దున నెట్టుకొచ్చిన రెప్ప సాయంత్రానికి అలసిపోతుంది.

ఛాతీలో, రొమ్ము ఎముక వెనుక ఉంటుంది థైమస్ గ్రంథి. తనదేదో పరాయిదేదో టి కణాలనే రోగనిరోధక కణాలు నేర్చుకునే బడి అది. ఈ రోగుల్లో సుమారు 10–15 శాతం మందికి అక్కడ థైమోమా అనే గడ్డ ఉంటుంది. అందుకే స్కాన్, వాయిదా వేయకండి.

జబ్బు కంటికే పరిమితమైతే దాదాపు సగం మందికి యాంటీబాడీ పరీక్ష నెగటివ్ వస్తుంది. అంతమాత్రాన జబ్బు లేనట్లు కాదు. ఇమ్యూనిటీ పెంచుతామనే పొడుల జోలికి మాత్రం వెళ్లకండి, ఇప్పటికే అది అతిగా పనిచేస్తోంది! ఏ జ్వరానికైనా యాంటీబయాటిక్ రాసేవారికి ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి, కొన్ని దీన్ని ముదిరేలా చేస్తాయి. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.