స్పర్స్ గోల్ మిస్సయితే గుండె ఆగినంత పనైంది సరే.. ఆ వాటర్ టిన్ను సంగతేంటి మాస్టారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు, తెనాలి దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టార్ని. నాలుగేళ్లుగా బీపీ ఉంది, రాత్రి భోజనం అయ్యాక టెల్మిసార్టన్ 40 ఒకటి వేసుకుంటాను. ఇరవై ఏళ్ల నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ ఫ్యాన్ని. మొన్న మంగళవారం (2024 మే 14) అర్ధరాత్రి ప్రీమియర్ లీగ్‌లో టోటెన్‌హామ్ (స్పర్స్), మాంచెస్టర్ సిటీ మ్యాచ్ చూస్తుంటే గుండె దడ విపరీతంగా వచ్చింది, వాచీలో 128 చూపించింది. 86వ నిమిషంలో స్పర్స్ ఆటగాడు సన్ ఒక్కడే గోల్‌కీపర్ ముందుకెళ్లి మిస్ చేసినప్పుడు ఎడమవైపు సూదితో పొడిచినట్టు కలుక్కుమంది, రెండు మూడు సెకన్లు అంతే, నొక్కితే ఇంకా ఎక్కువగా ఉంది. అప్పట్నుంచి భయం పట్టుకుంది. మా ఆవిడ ఆదివారం మ్యాచ్ చూడనివ్వనంటోంది. మా బామ్మర్దికి 31, నాటింగ్‌హామ్‌లో ఎంఎస్ చేసొచ్చాడు, వాడు అక్కడి క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫ్యాను, రెలిగేషన్ (కింది లీగ్‌కి పడిపోవడం) టెన్షన్‌తో వాడికీ నిద్ర లేదు. మా ఇద్దరిలో ఎవరి గుండెకి రిస్క్ ఎక్కువ? మ్యాచ్ రోజు మాత్రం రెండు బీర్లు, రెండు మూడు సిగరెట్లు, ఇంకే అలవాట్లూ లేవు. అన్నట్టు ఈ నెల్లాళ్ల నుంచి మూడో అంతస్తుకి వాటర్ టిన్ను మోసుకెళ్తుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది, ఆగితే రెండు నిమిషాల్లో పోతుంది, గ్యాస్ అనుకుంటా. పేరు వేయొద్దు.

జవాబు: మాస్టారూ, మీ లెటర్ నిజానికి ఇంకా చాలా పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. పెద్ద లెటర్లో ఇరవై లైన్లు ఫుట్‌బాల్ ఉంది, సన్ షాట్ కొట్టడం దగ్గర్నుంచి సిటీ గోల్‌కీపర్ ఓర్టెగా కాలు అడ్డం పెట్టడం దాకా బాల్ టు బాల్ రాశారు, చివర్లో "అన్నట్టు" అని మొదలుపెట్టి ఒక్క లైన్లో వాటర్ టిన్ను గురించి రాశారు. నాకు మాత్రం ఆ ఒక్క లైనే లెటర్ అంతా. ఓపీలో కూడా ఇంతే, పేషెంటు పావుగంట ఏదో చెప్పి, లేచి తలుపు దాకా వెళ్లి, హ్యాండిల్ మీద చెయ్యేసి అప్పుడు చెప్తాడు అసలు సంగతి.

ముందు మీరు భయపడ్డ నొప్పి సంగతి చెప్పేస్తా. సూదితో పొడిచినట్టు, రెండు మూడు సెకన్లు, వేలితో చూపించగలిగేంత చిన్న చోట, నొక్కితే ఎక్కువయ్యేది మామూలుగా గుండె నొప్పి కాదు. పక్కటెముకల దగ్గర కండరమో కార్టిలేజో పట్టేసి ఉంటుంది, మూడు గంటలు సోఫాలో ముందుకి వంగి పిడికిళ్లు బిగించి కూర్చుంటే పట్టేయదా మరి. వాచీలో 128 కూడా నన్ను పెద్దగా కంగారు పెట్టలేదు, టెన్షన్‌లో అడ్రినలిన్ పెరిగితే ఆమాత్రం కొట్టుకుంటుంది, మెల్లగా ఎక్కి మెల్లగా దిగితే అది మామూలు దడే. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 170, 180కి వెళ్లి మళ్లీ ఒక్కసారిగా ఆగిపోయినా, లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకున్నా, కళ్లు తిరిగినా అప్పుడు వేరే కథ, అది ఈసీజీలో పట్టుకోవాలి.

ఇప్పుడు మీరు గ్యాస్ అనుకున్నది. బరువు మోస్తూ మెట్లెక్కితే ఛాతీ మధ్యలో బరువుగా, ఎవరో కూర్చున్నట్టు, ఆగితే రెండు నిమిషాల్లో మాయం. దీన్ని మేము యాంజైనా అంటాం, కాదని తేలేదాకా అవుననే అనుకోవాలి. గ్యాస్‌కి మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారో తెలియదు మాస్టారూ, గుండె రక్తనాళానికి తెలుస్తుంది. ఇరవై లీటర్ల టిన్ను అంటే ఇరవై కిలోలు, ఫిజిక్స్ మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ పని చెయ్యడానికి గుండెకి కావాల్సిన రక్తం సన్నబడ్డ నాళంలోంచి సరిపడా వెళ్లట్లేదేమో అని నా అనుమానం. దానికితోడు నెల్లాళ్ల నుంచే అంటున్నారు. కొత్తగా మొదలైన యాంజైనా పాతదానికంటే ప్రమాదం, ఎందుకంటే అది ఎటు తిరుగుతుందో తెలియదు.

అందుకని ఈ జవాబు మీరు శుక్రవారం చదివితే శనివారం దాకా కూడా ఆగొద్దు, ఇవాళే గుంటూరో విజయవాడో వెళ్లి కార్డియాలజిస్టుకి చూపించుకోండి, ఈహెచ్ఎస్ (ఉద్యోగుల హెల్త్) కార్డు జేబులో పెట్టుకెళ్లండి. ఈసీజీ తీస్తారు, ఎకో చేస్తారు, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది), షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్ అని వస్తే సంబరపడి బండెక్కి వచ్చేయకండి, యాంజైనా ఉన్న చాలామందికి నొప్పి లేనప్పుడు తీస్తే నార్మల్‌గానే ఉంటుంది. టిన్ను సంగతి నాకు రాసినట్టు చివర్లో కాకుండా డాక్టర్ ముందు కూర్చోగానే మొదటి మాటగా చెప్పండి. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ టెస్టా, సీటీ యాంజియోనా, నేరుగా యాంజియోగ్రామా అనేది ఆయన నిర్ణయిస్తారు. ఈలోపు మీ అంతట మీరే "టెస్ట్ చేద్దాం" అని ఇంకోసారి మెట్లెక్కి చూడొద్దు, సైన్సు మాస్టార్లకి ఆ బుద్ధి పుడుతుంది.

ఈలోగా ఊరికే కూర్చున్నప్పుడు ఆ బరువు వచ్చినా, పది పదిహేను నిమిషాలకి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా వెంటనే 108. బైక్ మీద వెళ్లొద్దు, బామ్మర్దిని కారు తియ్యమని వాడొచ్చేదాకా కూర్చోవడం కూడా వద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో అల్సర్ బ్లీడింగ్ ఉన్నవాళ్లు కాకపోతే 300 ఎం.జీ. ఆస్పిరిన్ నమిలి మింగొచ్చు. పక్కింటాయన ఇచ్చిన సార్బిట్రేట్ (గుండె నొప్పికి వాడే మాత్ర) మాత్రం నాలుక కింద పెట్టుకోకండి, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఈనో తాగి పడుకోవడం అసలే వద్దు. "ఈనో తాగాడు, తగ్గిందన్నాడు, పడుకున్నాడు" అనే మూడు ముక్కలు రాత్రి డ్యూటీల్లో ఎన్నిసార్లు విన్నానో.

సరే, మ్యాచ్ దగ్గరకొద్దాం. మీరు అడిగింది అదే కాబట్టి, నేను కూడా లివర్‌పూల్ ఫ్యాన్ని కాబట్టి. 2018-19లో 97 పాయింట్లు తెచ్చుకుని ఒక్క పాయింటుతో రెండో స్థానం, ఆ బాధ నాకు తెలుసు. మీది 2004 నుంచి టైటిల్ కోసం ఇరవై ఏళ్ల ఎదురుచూపు, పోయిన సీజన్లో అన్ని వారాలు టాప్‌లో ఉండి చివర్లో చేజారింది, ఇప్పుడు సిటీ 88, మీరు 86, ఆదివారం మీరు ఎవర్టన్‌ని కొట్టాలి, అక్కడ వెస్ట్ హామ్ సిటీని కనీసం డ్రా దగ్గర ఆపాలి. ఆర్సెనల్ ఫ్యాన్ అయ్యుండి అర్ధరాత్రి పన్నెండున్నరకి లేచి కూర్చుని బద్ధ శత్రువు టోటెన్‌హామ్ గెలవాలని దణ్ణం పెట్టుకున్నారంటేనే మీ పరిస్థితి అర్థమైంది. అక్కడ స్పర్స్ ఫ్యాన్స్‌లోనే కొంతమంది వాళ్ల టీమ్ ఓడిపోతే బాగుణ్ణని కూర్చున్నారు, మీకు టైటిల్ రాకూడదని.

మ్యాచ్ చూస్తే గుండెకి ఏమన్నా అవుతుందా అంటే, ఊరికే సామెతకి చెప్పుకునేది కాదు, లెక్కలున్నాయి. 2006 వరల్డ్ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ చుట్టుపక్కల డాక్టర్లు లెక్క తీశారు, జర్మనీ ఆడిన రోజుల్లో గుండె ఎమర్జెన్సీలు మామూలు రోజులకంటే 2.66 రెట్లు, మగవాళ్లలో అయితే 3.26 రెట్లు, అందులోనూ కేసుల జోరు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మ్యాచ్ మొదలైన మొదటి రెండు గంటల్లో. ఇంగ్లండ్‌లో 1998లో అర్జెంటీనా మీద పెనాల్టీల్లో ఓడిన రోజు, ఆ తర్వాత రెండు రోజులు హార్ట్ ఎటాక్ అడ్మిషన్లు 25 శాతం పెరిగాయి. వినడానికి భయంగా ఉంటుంది కానీ, మ్యూనిక్ లెక్కలో మీరు చూడాల్సింది ఇంకో ముక్క: ఆ రోజుల్లో వచ్చిన పేషెంట్లలో దాదాపు సగం మందికి గుండె రక్తనాళాల జబ్బు ముందే ఉంది. అంటే పేలుడు మందు ముందే కూరి ఉంటే మ్యాచ్ అగ్గిపుల్ల అవుతుంది, లేకపోతే ఊరికే వెలిగి ఆరిపోతుంది. మీ నాళాల్లో ఆ పేలుడు మందు ఉందో లేదో ఇవాళ తెలియదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

బామ్మర్ది సంగతి. ఎవరికి రిస్క్ ఎక్కువ, టైటిల్ వాళ్లకా రెలిగేషన్ వాళ్లకా అని అడిగారు, గుండె పాయింట్ల టేబుల్ చదవదండీ, మీది 46 ఏళ్ల బీపీ గుండె, వాడిది 31, అంతే తేడా. ఆ మాటకొస్తే వాడు భయపడాల్సింది కూడా ఏం లేదు, ఫారెస్ట్‌కి నాలుగు పాయింట్లు కోత పెట్టినా 29 ఉన్నాయి, వెనకున్న లూటన్‌కి 26, గోల్ డిఫరెన్స్‌లో (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే వచ్చేది) పన్నెండు తేడా, లూటన్ ఒక్క రోజులో అన్ని గోల్స్ కొట్టే మాట ఉంటే సీజనంతా ఇలా ఎందుకుండేది. వాడు రోజుకి ఎన్ని ఎనర్జీ డ్రింకులు తాగుతున్నాడో కనుక్కోండి, 250 మిల్లీ క్యానులో 80 ఎం.జీ. దాకా కెఫీన్ ఉంటుంది, రాత్రి పదింటికి తాగితే తెల్లవారుజామున మూడింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది, నిద్ర పట్టకపోవడానికి ఫారెస్ట్‌ని తిట్టుకోవడం అన్యాయం. ఇంకోటి, బెట్టింగ్ యాప్‌లు ఉన్నాయా అని కూడా మెల్లగా అడగండి, మన రాష్ట్రంలో 2020 నుంచి నిషేధం, అయినా ఫోన్లలో ఉంటున్నాయి. టీమ్ ఓడితే వచ్చే దడ వేరు, డబ్బు పోతే వచ్చే దడ వేరు.

ఇక మీ మంగళవారం రాత్రిని నేను వేరేగా చదివాను. మీరు పెద్ద లెటర్లో రాశారు, ఆదివారం ఎలక్షన్ డ్యూటీకి వెళ్లారు, సోమవారం పోలింగ్, ఈవీఎంలు అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి మంగళవారం తెల్లారింది, పగలు ఎండకి నిద్ర పట్టలేదు, రాత్రి పన్నెండున్నరకి మ్యాచ్. అంటే మూడు రాత్రుల్లో ఆరు గంటలు పడుకున్నారో లేదో. దానిమీద రెండు బీర్లు, మూడు సిగరెట్లు, ఉప్పు చల్లిన పల్లీలు. ఇంకో మాట, ఇది మీరు రాయలేదు, నేనే అడుగుతున్నా: బీరు తాగే రోజు టాబ్లెట్ వేసుకుంటున్నారా? "మందు మీద మందు వద్దు" అని మానేసేవాళ్లని వందల మందిని చూశాను. మీరూ అంతే అయితే బీపీ బాగా పెరిగే రోజే బీపీ మాత్ర లేకుండా కూర్చుంటున్నట్టు. బీరు మానండి, మాత్ర మానొద్దు. టెల్మిసార్టన్ రోజంతా పనిచేస్తుంది, పొద్దున వేసుకున్నా ఒకటే, కాబట్టి మీ డాక్టర్ని అడిగి పొద్దుటికి మార్చేసుకుంటే ఈ గొడవే ఉండదు. సిగరెట్ "మ్యాచ్ రోజు మాత్రమే" అనేది మీకు మాత్రమే లెక్క, పొగ తగలగానే రక్తనాళం ముడుచుకుంటుంది, దానికి క్యాలెండర్ తెలియదు.

ఆదివారం చూడొచ్చా మరి? మేడం గారూ, మీరు కూడా చదువుతున్నారని అనుకుంటున్నా. కార్డియాలజిస్టు చూసి పర్లేదన్నారంటే చూడనివ్వండి, 8:30కే మొదలు, పదిన్నరకి అయిపోతుంది, నిద్ర కూడా పాడవదు. టెస్టులు ఇంకా అవ్వలేదన్నా, యాంజైనా అని ఆయనా అనుమానపడ్డా లైవ్ వద్దు, సోమవారం పొద్దున స్కోరు తెలిశాక హైలైట్స్ చూసుకోమనండి, తిట్టుకుంటూనే చూస్తారు, పర్లేదు. చూసేటప్పుడు ఒక ఫోన్లో సిటీ మ్యాచ్, టీవీలో ఆర్సెనల్ మ్యాచ్ పెట్టుకోవద్దు, గోల్ పడ్డ ప్రతిసారీ రెండో స్క్రీన్ వైపు మెడ తిప్పేవాడి బీపీ కొలిస్తే తెలుస్తుంది. హాఫ్ టైమ్‌లో లేచి బాల్కనీలో నాలుగు అడుగులు వెయ్యండి, సిగరెట్ లేకుండా.

మీ ఇంట్లో ఇంకొకటి కూడా నేర్చుకోండి. 2023 డిసెంబర్ 16న బోర్న్‌మత్‌లో లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ గ్రౌండ్లోనే కుప్పకూలాడు, కార్డియాక్ అరెస్ట్, మెడికల్ టీమ్ పక్కనే ఉంది కాబట్టి బతికాడు. ఇంట్లో మెడికల్ టీమ్ ఉండదు, మీ ఆవిడా బామ్మర్దే మెడికల్ టీము. మనిషి పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా గట్టిగా నొక్కుతూనే ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా. ఎముక విరుగుతుందేమో అని ఆగొద్దు. బామ్మర్ది దిండు మీద ఒకసారి ప్రాక్టీస్ చేస్తే ఫారెస్ట్ టెన్షన్ కూడా కాస్త తగ్గుతుంది.

రిపోర్టులు వచ్చాక ఈసీజీ, ఎకో రెండూ ఫొటో తీసి మళ్లీ రాయండి. ఆ వాటర్ టిన్ను మాత్రం ఇవాళ్టి నుంచి మీరు మొయ్యొద్దు, ప్లాంటు కుర్రాడికి ఇంకో పది రూపాయలు ఇస్తే మూడో అంతస్తుకి వాడే తెచ్చి పెడతాడు.