నాగార్జునకొండ మీది స్తూపాలు అక్కడే కట్టినవా?

ప్రశ్న: నాగార్జునకొండ మ్యూజియం పరిసరాల్లో కనిపించే స్తూపాలు, విహారాలు ఇక్ష్వాకులు ఆ కొండ మీదనే కట్టించినవా? మహాచైత్యం (అక్కడి పెద్ద స్తూపం) లోపల చక్రం ఆకుల్లాంటి గోడలు ఎందుకున్నాయి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కావు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి, దాని చుట్టూ వెలసిన బౌద్ధారామాలు కొండ దిగువన కృష్ణ ఒడ్డు లోయలో ఉండేవి. ఆ శిథిలాలు 1926లో వెలుగులోకి రాగా, 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపారు. సాగర్ ప్రాజెక్టు వల్ల లోయ మునిగిపోతుందని తెలిశాక, 1954 నుంచి 1960 వరకు మరో పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ ప్రాంతమంతటినీ తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విడదీసి కొండ మీదికి, జలాశయం ఒడ్డున ఉన్న అనుపు వద్దకు తరలించి మళ్లీ కట్టారు. మరికొన్నింటికి నమూనాలు మాత్రమే నిర్మించారు. అందువల్ల ఏది తరలించి కట్టినదో, ఏది నమూనాయో అక్కడ అడిగి తెలుసుకుని చూడడం అవసరం.

ఇక చక్రం సంగతి. సుమారు 106 అడుగుల వ్యాసం గల మహాచైత్యాన్ని పూర్తిగా ఇటుకతో నింపితే ఖర్చూ బరువూ విపరీతంగా పెరుగుతాయి. అందుకే నడుమ చక్రనాభి లాంటి కట్టడం, దాని నుంచి నలువైపులా సాగే ఆకులు, చుట్టూ వలయం మాత్రం ఇటుకతో కట్టి, మధ్య గదులను మట్టితో నింపారు. ఆ గోడలు మట్టిని చెదరకుండా పట్టి ఉంచి, పైన లేచే అండానికి, అంటే స్తూపపు గుమ్మటానికి, బలమిస్తాయి. ఆనాటి భక్తులు ఈ చక్రాన్ని చూసే అవకాశమే లేదు, అది అండం కింద పూర్తిగా కప్పబడి ఉండేది! కాబట్టి నిర్మాణ సౌలభ్యమే దీనికి ప్రధాన కారణమని నా అభిప్రాయం. అయితే అక్కడి కొన్ని చిన్న స్తూపాల గర్భంలో స్వస్తికాకారం కూడా కనిపిస్తుంది కనుక, ధర్మచక్ర భావన శిల్పుల మనసులో లేదని మాత్రం అనలేం.

బయటికి కనిపించినవి నాలుగు దిక్కులా స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు. వాటి మీది శాసనాల వల్లనే ఈ మహాచైత్యానికి దాత, ఇక్ష్వాకు రాజు శాంతమూలుని సోదరి చాంతిసిరి అని, అతని కొడుకు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఆమె స్తంభం నిలిపిందని తెలుస్తోంది. రాజులకంటే రాజకుటుంబ స్త్రీలే ఇక్కడి బౌద్ధ సంఘానికి అండగా నిలిచారన్న విషయాన్ని మన పాఠ్యపుస్తకాలు మరింత గట్టిగా చెప్పవలసి ఉంది.

ఈసారి వెళ్లినప్పుడు పడవలో కొండకు వెళ్లి రావడంతో ఆగిపోకుండా, అనుపు కూడా తప్పక చూడండి. విహారాల గదుల వరుసలు, మెట్ల వరుసలతో కూడిన ప్రేక్షకశాల అక్కడ తిరిగి నిర్మితమై ఉన్నాయి.