చేపల తొట్టెకు వైఫై పెట్టేముందు

నల్లకుంట నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: “ఇంట్లో ఉన్న 75 లీటర్ల మంచినీటి అక్వేరియంను పగడాలు పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంకుగా మారుస్తున్నాను. ఉద్యోగరీత్యా నెలలో వారం రోజులు ఊళ్లో ఉండను కనుక వైఫైతో నడిచే కంట్రోలర్ కిట్ ఒకటి తెప్పించాను. అందులో ఉష్ణోగ్రత సెన్సర్, నాలుగు ప్లగ్గుల బోర్డు, చిన్న కెమెరా ఉన్నాయి. బయటి నుంచి చూసుకోవాలంటే రౌటర్‌లో పోర్టు తెరవమని యాప్ అడుగుతోంది. తెరవవచ్చా? ఉప్పు కొలవడానికి నా పాత టీడీఎస్ పెన్ను సరిపోతుందా?”

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందు అది చెబుతాను. నీటిలో కరిగిన లవణాలను కొలిచే మామూలు టీడీఎస్ పెన్ను దాదాపు 10,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది వేలు) దగ్గరే చేతులెత్తేస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు 35,000 పీపీఎం దాకా ఉంటుంది. నీటిలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొని, దాన్ని 35 పీపీటీ (అంటే 35,000 పీపీఎం) ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. అలాగని పెన్నును పారేయకండి, ఉప్పు కలపక ముందు మీ నీరు సున్నాకు దగ్గరగా ఉందో లేదో చెప్పేది అదే. వంటింట్లో ఆర్వో యంత్రం ఎలాగూ ఉంది కదా అని ఆ నీళ్లే పోసేవారు మన నగరంలో చాలామంది కనిపిస్తారు. రుచి కోసం ఖనిజాలను తిరిగి కలిపే యంత్రాలు వాటిలో ఎన్నో ఉన్నాయి. ఆరోగ్యం పేరు చెప్పి రాగిని చేర్చేవి కూడా ఉన్నాయి. మనకు మంచిదని అమ్మే ఆ రాగి రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. పాత ట్యాంకులో రాగి కలిసిన చేపల మందు ఎప్పుడైనా వాడి ఉంటే గులకరాళ్లను, ఫిల్టర్ స్పాంజిని కూడా మార్చక తప్పదు.

ఇక పోర్టు సంగతి. తెరవకండి. పోర్టు అంటే బయటి నుంచి ఇంట్లోని పరికరానికి రౌటర్‌లో వదిలే దారి. దాన్ని తెరవడమంటే ఆ చవక పరికరాన్ని ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఎదురుగా నిలబెట్టడమే. తెరిచి ఉన్న పోర్టుల కోసం పగలూ రాత్రీ వెతికే ప్రోగ్రాములకు మీది చేపల తొట్టె అన్న విషయంతో పనిలేదు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు మార్చకుండా ఉంటే వాటికి చాలు. 2016లో మిరాయ్ అనే వైరస్ అలాంటి అరవైకి పైగా పాస్‌వర్డులను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ లక్షలాది కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో వాటి సాయంతో జరిగిన దాడికి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. 2017లో బయటపడిన మరో ఉదంతం మీకు మరింత దగ్గరిది. ఉత్తర అమెరికాలోని ఒక కాసినోలో ఇంటర్నెట్‌కు కలిపిన అక్వేరియం ద్వారా చొరబడిన దొంగలు ఏకంగా 10 జీబీ డేటాను ఫిన్లాండ్‌లోని ఒక యంత్రానికి తరలించారని డార్క్‌ట్రేస్ అనే భద్రతా సంస్థ వెల్లడించింది. ఆ దొంగలకు కావలసింది చేపలు కాదు, ఆ తొట్టె ఏ నెట్‌వర్కులో ఉందో ఆ నెట్‌వర్కు. మీ ఇంట్లో అదే నెట్‌వర్కు మీద బ్యాంకు లావాదేవీలు చేసే ఫోను, ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంటాయి.

మరో విచిత్రం ఏమిటంటే, మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే ఒకే ఐపీ చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి కనుక, పోర్టు తెరిచినా ఫలితం ఉండకపోవచ్చు. అప్పుడు కస్టమర్ కేర్ వారు మీ ఒక్కరికే చెందిన, మారని స్టాటిక్ ఐపీ కొనుక్కోమంటారు. దొంగకు తలుపు తెరవడానికి మనమే ఎదురు డబ్బు కట్టడం అన్నమాట. పరికరాలు మిమ్మల్ని అడగకుండానే పోర్టులు తెరిపించుకునే యూపీఎన్‌పీ అనే సదుపాయం రౌటర్‌లో ఉంటుంది, దాన్ని ఆపేయండి. కిట్‌ను మీ ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ లేని గెస్ట్ నెట్‌వర్కుకు (రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే వైఫైకి) మాత్రమే కలపండి, పాస్‌వర్డు మార్చండి. కెమెరా ట్యాంకుతో పాటు మీ హాలును కూడా చూస్తుంది కనుక, ఇంట్లో ఉన్న రోజుల్లో దాని ప్లగ్గు తీసేయడం మేలు.

ఈ యాప్‌ల మీద నాకున్న కోపం కూడా చెప్పుకోనివ్వండి. లైటు వెలిగించడానికి మెయిల్‌తో ఖాతా తెరవాలట, లొకేషన్ ఇవ్వాలట. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్‌తో పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి నిజంగానే అవసరమయ్యేది. 12 నుంచి దానికి వేరే అనుమతి వచ్చింది. అయినా పాత అలవాటు మానని యాప్‌లు నేటికీ లొకేషన్‌నే అడుగుతున్నాయి. నిన్నటిదాకా పరికరం మీది బొత్తాంతో జరిగిన పని ఒక అప్‌డేట్ తర్వాత సర్వరుకు లాగిన్ అయితే తప్ప జరగకపోవడం మరీ అన్యాయం. బొత్తాం లేని కంట్రోలర్‌ను నేనైతే కొనను.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. ఒక మే నెల రాత్రి గాలివానకు కరెంటు పోయి, అరగంటలో తిరిగి వచ్చింది. స్మార్ట్ ప్లగ్ మాత్రం కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోయింది. పంపు ఆగిన సంగతి నాకు తెల్లవారాకే తెలిసింది. అది మంచినీటి ట్యాంకు కనుక చేపలు బతికాయి. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరుగుతుంది, సముద్రపు నీటిలో 7 కూడా కరగదు. మీ ట్యాంకులో అదే జరిగితే అంత వ్యవధి దొరకదు. కాబట్టి పంపును స్మార్ట్ ప్లగ్గుకు కాక నేరుగా ఇన్వర్టర్ లైనుకు కలపండి. మిగిలిన ప్లగ్గులకు, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉండాలో తెలిపే సెట్టింగు యాప్‌లో వెతికి సరిచేయండి.

హీటరును కూడా యాప్ మీదే వదలకూడదు. ప్లగ్గులో కరెంటును కలిపి విడదీసే రిలే అనే స్విచ్ అతుక్కుపోతే ఆఫ్ అని యాప్ చూపిస్తున్నా హీటరు కాగుతూనే ఉంటుంది. సొంత థర్మోస్టాట్ ఉన్న హీటరును 25 దగ్గర పెట్టి, 27 దాటితే కట్టేసే పని మాత్రం కంట్రోలర్‌కు అప్పగించండి. అసలు హైదరాబాద్‌లో ఎక్కువ నెలలు కావలసింది చల్లబరచడమే. ఫ్యాను పెడితే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది కనుక తరిగినంత మేరకు ఉప్పు లేని నీరే పోయాలి. ప్లగ్గుల బోర్డును ట్యాంకు కింద కాక పక్క గోడకు బిగించండి, వైరు వెంట జారే నీటి చుక్కలు సాకెట్‌లోకి పోకుండా వైర్లు ఒకసారి కిందికి వేలాడి పైకి వచ్చేలా చూడండి, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని ఆ లైనుకు పెట్టించండి. ఉప్పు చెమ్మ సాకెట్లలోకి పాకడం మీ కంటికి కనబడదు.

చేపలను తెచ్చే ముందు, మీరు ఇంట్లోనే ఉన్న ఒక శనివారం రాత్రి రౌటర్‌ను కట్టేసి పడుకోండి. ఆదివారం పొద్దున మెయిన్ స్విచ్‌ను పది నిమిషాలు ఆపి, మళ్లీ వేయండి. పంపు, లైటు, హీటరు మీరు ఫోను ముట్టుకోకుండానే తమ పని తాము మొదలుపెడితే క్లౌన్ ఫిష్‌కు బయానా ఇవ్వండి.