బుడిపె ఉంది, లోపల పని జరుగుతోందా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట మొదటిసారి సోయా వేసినప్పుడు విత్తనానికి రైజోబియం పొడి పట్టించాం. ఆ తర్వాత ఎప్పుడూ పట్టించలేదు. అయినా సోయా వేసినప్పుడల్లా వేళ్లకు బుడిపెలు వస్తూనే ఉన్నాయి. ఈసారి కోసి చూస్తే కొన్ని లోపల ఎర్రగా, కొన్ని తెల్లగా ఉన్నాయి. ఆ పొడిలోని బాక్టీరియానే ఇంకా బతికి ఉందా? మళ్లీ ప్యాకెట్ కొనాలా?
- ఒక రైతు, నిర్మల్ జిల్లా

జవాబు: కోసి చూశారు చూడండి, అదే సగం జవాబు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పాను. మొక్కను పీకి, "వచ్చాయి మేడమ్" అని బుడిపెలు లెక్కపెట్టి రాసుకునేవాళ్లే ఎక్కువ. బ్లేడు పెట్టి చూసేవాళ్లు క్లాసుకి ఇద్దరో ముగ్గురో. (అన్నట్టు, పీకొద్దు. పీకితే మంచి బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో గడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి కడగండి.)

ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పనికొచ్చేలా మార్చేది బాక్టీరియాలోని నైట్రోజినేజ్ అనే ఎంజైమ్. దానికి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. అందుకని లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుని, చుక్కచుక్కగా పోసినట్టు అందిస్తుంది. ఎర్రగా ఉందంటే లోపల పని నడుస్తోందని. ఆకుపచ్చగా మారితే దాని వయసైపోయినట్టు. తెల్లగా ఉంటే ఇంకా లేతదైనా అయ్యుండాలి, లేదా లోపలికి వెళ్లినవాళ్లు పని చేయనివాళ్లైనా అయ్యుండాలి.

పని చేయని బాక్టీరియా బుడిపె ఎలా కట్టించిందని మీకు అనుమానం రావాలి. కట్టించే జన్యువులు వేరు, నత్రజని పట్టే జన్యువులు వేరు. మొదటివాటిని నాడ్ జన్యువులని, రెండోవాటిని నిఫ్, ఫిక్స్ జన్యువులని అంటారు. సోయా వేరు జెనిస్టీన్, డయిడ్జీన్ అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. బాక్టీరియాలో నాడ్-డి అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్ వాటిని గుర్తుపట్టి మిగతా నాడ్ జన్యువులను లేపుతుంది. నాడ్-సి నాలుగైదు చక్కెర పూసల గొలుసు కడుతుంది, నాడ్-బి చివరి పూసను కాస్త చెక్కుతుంది, నాడ్-ఎ అక్కడ కొవ్వు తోక అతికిస్తుంది. అలా తయారైన పదార్థం లీటరులో ఒక మోల్‌లో వందకోట్లో వంతు ఉన్నా చాలు, నూగువేరు దానికి స్పందించి వంకర తిరుగుతుంది. ఆ వంకరలో చిక్కుకున్న బాక్టీరియా సన్నని గొట్టంలాంటి దారి గుండా లోపలికి వెళ్తుంది. నిఫ్ జన్యువులు అప్పటిదాకా మూసే ఉంటాయి. బుడిపెలో ఆక్సిజన్ తగ్గిందని తెలిశాకే తెరుచుకుంటాయి. అంటే తలుపు తట్టడం వచ్చి, లోపలికెళ్లాక పని రానివాడు కూడా ఉండొచ్చు.

మొక్క మాత్రం ఊరుకోదు. 2003లో టోబీ కియర్స్, ఫోర్డ్ డెనిసన్ వాళ్లు సోయా మీదే ఒక ప్రయోగం చేశారు. కొన్ని బుడిపెల చుట్టూ నత్రజని తీసేసి బదులుగా ఆర్గాన్ వాయువు నింపారు. బాక్టీరియాకు పని చేయాలని ఉన్నా ముడిసరుకు లేదన్నమాట. ఆ బుడిపెల్లో బాక్టీరియా సంఖ్య మామూలు వాటిలో దాదాపు సగమే పెరిగింది. కూలి చేయనివాడికి తిండి తగ్గించినట్టే. సహజీవనం అని పుస్తకాల్లో ముద్దుగా రాస్తాం గానీ, ఇందులో బేరం గట్టిగానే ఉంది.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు వేసిన బాక్టీరియా బతికే ఉండొచ్చు. సోయా బాక్టీరియా ఒకసారి కుదురుకుంటే మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంకో సంగతి కూడా జరిగి ఉండొచ్చు. న్యూజీలాండ్‌లోని ఒటాగోలో లోటస్ అనే పశుగ్రాసం (తామర కాదు, పప్పుజాతి మొక్కే) వేశారు. దానికి తగిన బాక్టీరియా ఆ నేలలో లేదు కాబట్టి ఒకే ఒక్క రకాన్ని విత్తనానికి పట్టించారు. ఏడేళ్ల తర్వాత ఒటాగో యూనివర్సిటీకి చెందిన జాన్ సలివాన్, క్లైవ్ రాన్సన్ బృందం బుడిపెలు తెరిచి చూస్తే రకరకాల బాక్టీరియా కనబడింది. వేసిన రకం ఒకటి, దొరికినవి పలు రకాలు. అయితే అన్నింటిలోనూ బుడిపె జన్యువులు మాత్రం వేసినదానివే! స్థానిక బాక్టీరియా వాటిని అందిపుచ్చుకున్నాయి. 1995లో ఈ సంగతి బయటపెట్టారు. 1998లో ఆ జన్యువుల మూట కొలత కూడా చెప్పారు: సుమారు 5 లక్షల అక్షరాల డీఎన్‌ఏ. అది ఒక బాక్టీరియాలోంచి ఊడి, ఇంకోదానిలోకి వెళ్లి, దాని క్రోమోజోమ్‌లో ఒక టీ-ఆర్‌ఎన్‌ఏ జన్యువు పక్కన అతుక్కుంటుంది. దానికి సింబయోసిస్ ఐలాండ్ అని పేరు పెట్టారు. సోయా బాక్టీరియాకూ క్రోమోజోమ్‌లో అలాంటి ద్వీపమే ఉంది.

ఆస్ట్రేలియాలో బైసెరులా అనే పశుగ్రాసం విషయంలో ఇదే కథ కొంచెం చేదుగా నడిచింది. జన్యువులు అందుకున్న స్థానిక బాక్టీరియా బుడిపెలు కట్టించింది గానీ, నత్రజని సరిగ్గా పట్టలేదు, కొన్ని అసలే పట్టలేదు. జన్యువుల మూట చేరినంత మాత్రాన కొత్త ఇంట్లో పని సాగుతుందన్న నమ్మకం లేదు.

మీ తెల్ల బుడిపెలు అలాంటివేనా అన్నది ల్యాబ్‌లో డీఎన్‌ఏ చూస్తే తప్ప తేలదు. మీరు చేయగలిగింది ఇది. పూత దశలో చేలో నాలుగు మూలల నుంచి ఓ పది మొక్కలు లేపి కోసి చూడండి. ఎక్కువ భాగం ఎర్రగా ఉంటే కొత్త ప్యాకెట్ పెద్దగా తేడా చూపదు. పొడిలోంచి వచ్చినవాళ్లు పాతకాపులతో పోటీపడి బుడిపె దక్కించుకోవాలి, అది అంత సులువు కాదు. తెల్లవి ఎక్కువైతే, లేదా సోయా వేసి చాలా ఏళ్లయితే, కొనండి. పెద్ద ఖర్చేం కాదు. శిలీంద్రనాశిని ముందు పట్టించి, అది ఆరాక చివర్లో బెల్లం నీళ్లతో రైజోబియం కలిపి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తండి. విత్తేటప్పుడు యూరియా ఎక్కువ వేస్తే మాత్రం ఇదంతా దండగ. చేతికి నత్రజని దొరికిన మొక్క బుడిపెలు కట్టించుకోదు.

ప్రశ్న: ఆ నిఫ్ జన్యువులను వరిలోకి ఎక్కిస్తే యూరియా అక్కర్లేదు కదా మేడమ్?
- ఇంటర్ విద్యార్థి, తెనాలి

జవాబు: బాక్టీరియా నుంచి బాక్టీరియాకు ఎప్పుడో ఎక్కించారు నాన్నా. 1972లో రే డిక్సన్, జాన్ పోస్ట్‌గేట్ వాటిని క్లెబ్సియెల్లా నుంచి ఈ-కోలైకి మారిస్తే అది నత్రజని పట్టింది. వరి కణంలో అలా కుదరదు. ఒకటి కాదు, ఇరవై దాకా జన్యువులు కలిసి పని చేయాలి, అదీ ఆక్సిజన్ తగలని చోట. ఆకు పగలంతా ఆక్సిజన్ తయారుచేస్తూనే ఉంటుందాయె. అయితే వరి వేరుకు మైకోరైజా శిలీంద్రంతో స్నేహం కుదిర్చే జన్యువులున్నాయి, పప్పుజాతి మొక్కలు బుడిపెలకు వాడేవాటిలో చాలా అవే. పరిశోధకుల ఆశంతా అక్కడే.

ప్రశ్న: వేరుశనగ బుడిపె నలిపి ప్లేటు మీద పూశాం. మర్నాటికే ఎర్రటి కాలనీలు వచ్చాయి. రైజోబియమేనా?
- డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: కాదమ్మా. వేరుశనగలో ఉండేది బ్రాడీరైజోబియం, పేరులోనే నెమ్మది ఉంది. కాలనీ కనబడడానికి ఐదారు రోజులు పడుతుంది. కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలిపిన మీడియంలో అది రంగు పీల్చుకోదు, తెల్లగా ఉంటుంది. మర్నాటికే ఎర్రబడ్డవి బుడిపె పైతొక్క మీంచి వచ్చినవి. ఒక ఏడాది నేనూ వాటికే రికార్డులో బొమ్మ వేయించాను. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన ప్లేటు వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా మార్కులు వేసి వెళ్లారు. బుడిపెను ముందు ఆల్కహాల్‌లో, తర్వాత హైపోక్లోరైట్‌లో ముంచి, శుద్ధి చేసిన నీళ్లతో ఐదారుసార్లు కడిగి, అప్పుడు నలపండి. ప్లేటును 28 డిగ్రీల దగ్గర పెట్టి, వారం దాకా చెత్తబుట్టలో వేయకండి.