సమాధానం: నాన్నగారు పార్టీ మనిషైతే లోక్‌సభ సచివాలయంలో ఇబ్బందా?

చెల్లెమ్మా, అంబాజీపేటలో మీ నాన్నగారు పార్టీ నాయకుడు కాబట్టి, లోక్‌సభ సచివాలయంలో మీకొచ్చిన పరిశోధన విభాగం ఉద్యోగానికి ఇబ్బందేమోనని అడిగారు. టెన్షన్ పడకండి. పార్టీ ఆయనది, ఉద్యోగం మీది. మీరు ఓటు వేయొచ్చు. పార్టీలో చేరకూడదు, ప్రచారం చేయకూడదు.

రాజ్యాంగం 98వ అధికరణం ప్రకారం ఒక్కో సభకు వేరే సచివాలయం ఉంటుంది. మీరు పనిచేసేది స్పీకర్ కింద, ఏ మంత్రి కిందా కాదు. స్పీకర్ పి.ఎ. సంగ్మా తర్వాత 1998లో మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు, 2002లో మనోహర్ జోషి స్పీకర్లయ్యారు. ముగ్గురివీ మూడు పార్టీలు, సచివాలయం మాత్రం అదే.

అసలు కష్టం ఎంపీలు అడిగిన సమాచారంపై నోట్ రాసేటప్పుడు తెలుస్తుంది. ఎండు కొబ్బరి ధర గురించి ఒక ఎంపీ అడిగారనుకోండి. మనసులో ఎంత బాధ ఉన్నా "రైతు కుదేలయ్యాడు" అని రాయకండి. క్వింటాలుకు ఏ ఏడాది మద్దతు ధర ఎంత, మార్కెట్లో ఎంత పలికింది, ఆ లెక్క ఎక్కడిది, అంతవరకే. అవతలి పార్టీ ఎంపీ అడిగినా అదే నోట్, అంతే త్వరగా ఇవ్వాలి. ఎవరు ఏమడిగారో ఇంట్లో కూడా చెప్పకూడదు, ముఖ్యంగా నాన్నగారికి.

ఇంకోటి. ఉద్యోగం వచ్చిందంటే మన వైపు సెంటర్లో ఫ్లెక్సీ కట్టకుండా ఆగరు. నాయకుల ఫొటోల మధ్య మీ ఫొటో వద్దని ఈ రాత్రే చెప్పండి. ఊరి పార్టీ వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేయండి. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి హాయిగా వెళ్లండి, నాయకులతో వేదిక ఎక్కమంటే మాత్రం వద్దనండి. అనుమానం వస్తే పై అధికారిని రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబు దాచుకోండి.