ఆడవాళ్లకు భయం లేని ఊరు కట్టాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయికి మ్యాథ్స్ బాగా వచ్చు. సివిల్ ఇంజినీరింగ్‌లో చేరమంటే, ఆడవాళ్లు భయం లేకుండా తిరగగలిగే ఊళ్లు, భవనాలు డిజైన్ చేస్తానంటోంది. దానికంటూ చదువు, ఉద్యోగం ఉంటాయా?
- ఒక తండ్రి

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతికితే దొరకడం కష్టమండీ. పని మాత్రం ఉంది. ఆర్కిటెక్టులు, అర్బన్ ప్లానర్లు, రవాణా ఇంజినీర్లు తమ ఉద్యోగంలో భాగంగా చేస్తున్నదే అది.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగింది చూడండి. 1990లలో అక్కడి పార్కుల్ని గమనిస్తే, తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లల రాక బాగా తగ్గిపోతోందని, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారని తేలింది. ఉన్న ఒకే పెద్ద మైదానాన్ని గట్టివాళ్లు ఆక్రమిస్తే, మిగిలినవాళ్లు తప్పుకుంటున్నారు. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. నడకదారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు వేశారు, ఖాళీ జాగాను చెట్టూచేమలతో చిన్న చిన్న భాగాలు చేశారు. ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలైంది.

భద్రత అనగానే చాలామంది ఎత్తయిన ప్రహరీ, సీసీ కెమెరా అంటారు. ప్రహరీ మీద నాకంత నమ్మకం లేదు. లోపలివాళ్లకు ధైర్యమేమో గానీ, దాని పక్కన నడిచే మనిషిని చూసే కిటికీ ఒక్కటీ మిగలదు. దీపాలూ అంతే. కళ్లు చెదిరే ఫ్లడ్‌లైటు పక్కనున్న నీడను ఇంకా చిక్కబరుస్తుంది. ఎదురొచ్చేవారి ముఖం ఆనవాలు పట్టేంత, దారి పొడవునా ఒకేలా పడే వెలుతురు చాలు. టాయిలెట్లకు ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా చదరపు అడుగులిచ్చినా న్యాయం జరిగినట్టు కాదు. యూరినల్స్ తక్కువ చోటులో ఎక్కువ పడతాయి, ఆడవాళ్లకు సమయం ఎక్కువ పడుతుంది. క్యూ ఎటువైపు ఉంటుందో మీకు తెలిసిందే.

ఇక కోర్సు. గీయడం ఇష్టమైతే ఆర్కిటెక్చర్, ఆ తర్వాత పీజీలో అర్బన్ డిజైన్. బస్సు రూట్లు, స్థల వినియోగం లాంటి వాటిమీద మనసుంటే ప్లానింగ్. సివిల్‌ను తీసిపారేయనక్కర్లేదు, అందులోంచి రవాణా వైపు వెళ్లొచ్చు. కానీ మీ అమ్మాయి ఆలోచన కట్టడం ఎలా నిలబడుతుందన్న దానిమీద లేదు, అందులో మనుషులు ఎలా మసలుతారన్న దానిమీద ఉంది. అందుకే నా ఓటు ఆర్కిటెక్చర్‌కి. పురపాలక సంస్థలు, మెట్రో సంస్థలు, డిజైన్ ఆఫీసుల్లో అవకాశాలుంటాయి. మొదట్లో మెట్ల కొలతలు, టాయిలెట్ డ్రాయింగులే చేతికి రావొచ్చు. తను కోరుకున్న పని చాలావరకు అక్కడే ఉందని ముందే చెప్పండి.

చేరేలోపు ఒక పని చేయించండి. కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ 1989లో సేఫ్టీ ఆడిట్ పద్ధతిని తయారుచేసింది. నలుగురైదుగురు చీకటి పడ్డాక ఒక దారంట నడిచి, వెలుతురు ఎక్కడ లేదు, ఎవరైనా దాక్కునే మూల ఏది, కేకేస్తే వినేవాళ్లున్నారా అని రాసుకోవడమే. బృందంలో ఒక పెద్దావిడ, చక్రాల కుర్చీ వాడేవారు ఉంటే మరీ మంచిది. ఆ దారినే పగలు ఒకసారి, రాత్రి ఒకసారి బొమ్మ గీయమనండి. తను చేసిన పనుల నమూనాలు దాచుకునే ఫైలులో, అంటే పోర్ట్‌ఫోలియోలో, మొదటి పేజీ అదే అవుతుంది. మీరూ వెంట నడవండి. మీ అమ్మాయి నడక ఎక్కడెక్కడ వేగం పుంజుకుందో ఆ బొమ్మ మీద మీరే చుక్క పెట్టండి.